వెలుతురు తక్కువైన తొట్టిలో పచ్చని తివాచీ

ముందుగదిలో చేపల తొట్టి పెట్టుకున్నవాళ్ళకి ఒక ముచ్చట ఉంటుంది. అడుగున రంగురాళ్ళ బదులు పచ్చిక పరిచినట్టు మొక్కలుంటే ఎంత బాగుంటుందో అని! కొట్లో ఫొటో చూసి మొక్కలు కొనుక్కొస్తారు, ఓపిగ్గా నాటుతారు. నెల తిరక్కుండానే అవి పసుపెక్కి కుళ్ళిపోతాయి, నీరు వాసనేస్తుంది, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మీ చెయ్యి మంచిది కాదేమోనని దిగులు పడకండి. మీ తొట్టికి పడని మొక్కని ఎంచుకుని ఉంటారు, అంతే.

ఆ ఫొటోల్లో కనిపించే హెయిర్ గ్రాస్, మాంటే కార్లో లాంటివి గట్టి లైట్ల కింద, సిలిండరు నుంచి బొగ్గుపులుసు వాయువు అందిస్తుండగా పెరిగినవి. మన తొట్టికి మూతతో పాటు వచ్చిన ఒక్క ఎల్.ఇ.డి. పట్టీయే దిక్కాయె! పదిహేను, పద్ధెనిమిది అంగుళాల నీళ్ళు దాటి అడుక్కి చేరేసరికి ఆ వెలుతురు బాగా పలచబడుతుంది. వెలుతురు చాలని మొక్క పక్కలకి పాకదు, పైకి సాగుతుంది. తివాచీ అనుకున్నది చీపురై కూర్చుంటుంది. పోనీ కిటికీ పక్కన పెడితే సరి అంటారా? ఎండ తగిలితే అన్నిటికన్నా ముందు పెరిగేది పాచి.

ఇలాంటి తొట్టికి నన్నడిగితే మొదట జావా మాస్ తెచ్చుకోమంటాను. దీనికి మట్టి అక్కర్లేదు, ఎరువక్కర్లేదు. రెండు ప్లాస్టిక్ జల్లి ముక్కల మధ్య పలచగా పరిచి, అంచులు నైలాన్ దారంతో కుట్టి అడుగున పెట్టండి. కొన్ని వారాలకి కన్నాల్లోంచి పచ్చగా పైకొస్తుంది. మందంగా పరిస్తే కిందిది కుళ్ళుతుంది సుమా! నెలకోసారి కత్తెరతో కత్తిరించాలి. తేలే ముక్కల్ని టీ వడకట్టే జాలీతో తీసెయ్యండి, లేకపోతే ఫిల్టరులో చేరి అడ్డుపడతాయి. ఎండాకాలంలో నీరు బాగా వేడెక్కితే దీని పెరుగుదల మందగిస్తుంది, కంగారు పడొద్దు.

జల్లి బదులు పలకరాళ్ళకీ కట్టుకోవచ్చు. అయితే ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తాండూరు, షాబాదు, కడప బండల ముక్కలు వాడకండి. అవన్నీ సున్నపురాళ్ళు, చలువరాయీ అంతే. నీళ్ళలో మెల్లగా కరిగి గట్టిదనం పెంచుతాయి. మన బోరునీళ్ళకి అది ఇప్పటికే ఎక్కువ! రాయి ఏమిటో తెలియకపోతే నాలుగు చుక్కలు నిమ్మరసం వేసి చూడండి. నురగ పొంగితే దాన్ని పెరట్లోనే ఉంచండి. గ్రానైట్ ముక్క అయితే బెంగలేదు.

నిజంగా నేలలో పాతుకుని పాకే మొక్కే కావాలనుకుంటే మార్సిలియా తెచ్చుకోండి. వరిమళ్ళలో, చెరువుగట్ల మీద నాలుగాకుల మొక్క చూశారు కదా, దాని చుట్టమే. రెండంగుళాల మందాన కడిగిన సన్న ఇసుక పోసి, చిన్నచిన్న ముక్కలుగా, అంగుళం దూరంలో నాటాలి. కొన్నప్పుడు నాలుగాకులతో ఉన్నది నీటిలో ఒక్క ఆకుతో చిగురిస్తుంది. వేరే మొక్క ఇచ్చి మోసం చేశారనుకోకండి, దాని నీటి రూపం అదే. అడుగంతా అల్లుకోవడానికి నెలలు పడుతుంది. పొలం నుంచి మాత్రం పీక్కురావద్దు, పురుగుమందు అంటుకుని ఉంటే చేపలకి ప్రమాదం.

క్రిప్టోకొరైన్ కూడా నీడకి ఓర్చుకుంటుంది. అందులో సింహళ దేశపు వెండ్టై రకం నాలుగైదంగుళాలు పెరిగి, పిలకలేసి గుంపు కడుతుంది. పచ్చిక కాదు గానీ చూడ్డానికి నిండుగా ఉంటుంది. నాటిన కొత్తలో ఆకులన్నీ కరిగిపోయినట్టు అయిపోతాయి. చచ్చిందని పీకి పారేసేవాళ్ళే ఎక్కువ! కుళ్ళిన ఆకులు మాత్రం తీసేసి వేళ్ళని కదపకుండా వదిలేస్తే, కొన్ని వారాలకి మళ్ళీ చిగురేస్తుంది. ఆకలి మొక్క కాబట్టి, దాని వేళ్ళ దగ్గర అక్వేరియం ఎరువు బిళ్ళ ఒకటి గుచ్చండి. పెరటి మొక్కలకి వేసే యూరియా చిటికెడైనా వద్దు. అది నీళ్ళలో అమ్మోనియాగా మారి చేపల్ని చంపేస్తుంది.

కొనేటప్పుడు రెండు విషయాల్లో జాగ్రత్త. మోండో గ్రాస్ అని ముదురాకుపచ్చ గడ్డిని నీటిమొక్కగా అమ్ముతుంటారు. అది నేలమీద పెరిగేది. నీటిలో కొంతకాలం పచ్చగానే నిలబడి, తర్వాత కుళ్ళుతుంది. రెండోది, పొట్లాల్లో వచ్చే 'కార్పెట్ విత్తనాలు'. చల్లిన వారానికే మొలకెత్తి మురిపిస్తాయి, కానీ వాటిలో చాలావరకు నీటి అడుగున బతికేవి కావు. కొన్నాళ్ళకి మొత్తం ఒక్కసారే కుళ్ళిందంటే చేపలకే ముప్పు.

లైటు రోజుకి ఆరేడు గంటలు చాలు. ఎక్కువసేపు వెలిగిస్తే మొక్క పెరుగుతుందనుకుంటాం గానీ, లాభపడేది పాచే. ఓ టైమరు పెట్టుకుంటే ఊరెళ్ళినా దిగులుండదు.

గప్పీలు, చిన్న టెట్రాలు ఉన్న తొట్టిలో ఇవన్నీ హాయిగా పెరుగుతాయి. గోల్డ్ ఫిష్ ఉంటే మాత్రం తివాచీ ఆశ వదులుకోవాల్సిందే. లేతవన్నీ మేసి, మిగిలినవి ఇసుకతో సహా తవ్వి పోస్తాయి. వాటికి దళసరి ఆకుల అనుబియస్ నానా మొక్కల్ని రాళ్ళకి కట్టి, వరసగా పేర్చండి. వేళ్ళు పుట్టే ఆ లావుపాటి కాండాన్ని మాత్రం ఇసుకలో పూడ్చకండి, కుళ్ళిపోతుంది.