వందేళ్లకు అందిన పతకం

అమెరికా నార్త్ కరోలినా తీరంలో 1877 నవంబరులో హ్యూరన్ అనే నౌకాదళ ఓడ ఒడ్డుకు కూతవేటు దూరంలో మునిగి 98 మంది చనిపోయారు. దగ్గర్లోనే ఓడ ప్రమాదాల్లో చిక్కినవాళ్లను కాపాడే రక్షణ కేంద్రం ఉంది. తాళం వేసి ఉంది! ఖర్చు తగ్గించడానికి డిసెంబరు దాకా తెరిచేవారు కాదు. రెండు నెలలు తిరగ్గానే అదే తీరంలో మెట్రోపొలిస్ అనే ఓడ మునిగి మరో 85 మంది పోయారు. పత్రికలు దుమ్మెత్తిపోశాక 1878లో ఈ కేంద్రాలను నడిపే లైఫ్ సేవింగ్ సర్వీస్ ప్రత్యేక సంస్థ అయింది.

ఆ ప్రక్షాళన అదే తీరంలోని పీ ఐలాండ్ రక్షణ కేంద్రాన్నీ తాకింది. 1879లో ఒక ఓడ ప్రమాదం దగ్గర అలసత్వం చూపిన అధిపతిని తప్పించి, 1880లో రిచర్డ్ ఎథరిడ్జ్‌ను నియమించారు. పుట్టుకతో బానిస, అంతర్యుద్ధంలో సైనికుడు, మరో కేంద్రంలో అట్టడుగు ఉద్యోగి. నల్లవాడి కింద పనిచేయడానికి తెల్లవాళ్లు ఒప్పుకోలేదు. అందుకే సిబ్బంది మొత్తం నల్లవాళ్లే అయ్యారు. ఇందులో ప్రభుత్వ ఔదార్యం వెతకనక్కర్లేదు. కొద్ది నెలలకే కేంద్రం కాలిపోయింది. ఎవరో నిప్పు పెట్టారనే అనుమానం. ఎథరిడ్జ్ మళ్లీ కట్టించి, సైన్యంలోలాగా కసరత్తులు చేయించాడు.

1896 అక్టోబరు 11 రాత్రి తుపానులో ఇ.ఎస్. న్యూమన్ అనే తెరచాప ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులో తొమ్మిది మంది. కెప్టెన్ భార్య, మూడేళ్ల కొడుకు కూడా. మామూలుగా చిన్న ఫిరంగితో ఓడ మీదికి తాడు విసిరి, దాని మీదుగా మనుషులను లాగుతారు. ఆ రాత్రి ఒడ్డంతా నీళ్లే. ఇసుకలో లంగరు పాతే చోటే లేదు. అప్పుడు ఎథరిడ్జ్ మనుషులు ఇద్దరేసి చొప్పున నడుములకు తాడు కట్టుకుని అలల్లోకి దిగారు. తాడు కొస ఒడ్డున మిగతావాళ్ల చేతుల్లో. అలిసినవాళ్ల స్థానంలో కొత్త జంట. పసివాడితో మొదలుపెట్టి తొమ్మిది మందినీ ప్రాణాలతో తెచ్చారు.

వాళ్లకు పతకం మాత్రం రాలేదు. 1899లో అదే తీరాన ప్రిసిల్లా ఓడలోంచి పది మందిని ఒంటరిగా కాపాడిన తెల్లజాతి ఉద్యోగి రాస్మస్ మిడ్జెట్‌కు బంగారు పతకం వచ్చింది. ఆయన అర్హుడే, సందేహం లేదు. కానీ పతకాల చట్టం 1874 నాటిది. మూడేళ్ల ముందు అదే చట్టం వీళ్లకెందుకు కనిపించలేదు?

ఎథరిడ్జ్ 1900లో కన్నుమూశాడు. 1947లో మూతపడేదాకా ఆ కేంద్రం నల్లజాతి సిబ్బందితోనే నడిచింది. వాళ్లకు బంగారు పతకాన్ని, లైఫ్ సేవింగ్ సర్వీస్ స్థానంలో వచ్చిన కోస్ట్ గార్డ్ 1996లో ప్రకటించింది. అందుకునేందుకు ఆ రాత్రి నీళ్లలో దిగినవాళ్లలో ఒక్కరూ లేరు.