కుర్సురా దర్శనము

విశాఖపట్టణమున రామకృష్ణా సముద్రతీరమునకు పోయినవా రెవ్వరును అచ్చట ఇసుకలో నిలిచియున్న నల్లని ఉక్కుకాయమును చూడక మరలిరారు. "కుర్సురా" యను జలాంతర్గామి యది. పిల్లలను చంకబెట్టుకొని వచ్చిన జనము బారులు తీరి, ఒక కొసను లోనికి దూరి, రెండవ కొసను వెలుపలికి వచ్చుచున్నారు. లోపల వారు గడపు కాలము పావుగంటకు మించదు. మేమును ఇటీవల నొక మిత్రునితో కూడ పోయి, అట్లే పావుగంటలో వెలుపలికి వచ్చి, మనస్సు తృప్తినొందక మఱునాడు మరల పోయితిమి.

ఈ నౌక సోవియట్ దేశమున నిర్మితమై, 1969 డిశంబరు 18వ తేదీన రీగా రేవున మన నౌకాదళమున చేరినది. పొడవు 91 మీటర్లు. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టములు. ముప్పదియొక సంవత్సరములు కొలువుచేసి, 73,500 సముద్రపు మైళ్లు తిరిగి, 2001లో విరమించి, 2002 ఆగస్టునుండి ప్రదర్శనశాలగా నున్నది. ప్రపంచమున నిట్టిది రెండవదే యని కొందరు చెప్పుకొనుచుందురు. సాక్ష్యము దీనికి విరుద్ధముగా నున్నది. చికాగో నగరమున జర్మనుల యు-505 అను నౌక 1954 నుండియే ప్రదర్శింపబడుచున్నది; అమెరికా, ఇంగ్లాండు దేశములలో ఇంకను పెక్కు గలవు. ఉన్న ఘనత చాలనప్పుడు గదా లేని ఘనత కావలసివచ్చుట! కుర్సురాకు ఉన్నది చాలును.

లోపల ఏడు గదులు. ఒకదానినుండి యొకదానికి పోవలెనన్న గుండ్రని ఉక్కుద్వారమున తల వంచి, కాలెత్తి దూరవలెను. స్థూలకాయులకు కొంచెము కష్టమే. మా మిత్రునకు భుజము గీచుకొనిపోయినది. ముందు టార్పెడోలు, తరువాత అధికారుల చిన్న గది, అటుపిమ్మట పెరిస్కోపు గల నాయకస్థానము, ఆవల వంటయిల్లు, డీజెలు యంత్రములు, విద్యుద్యంత్రములు, చివరకు మరల టార్పెడోలు. నీటిపైన నున్నప్పుడు డీజెలు యంత్రములు తిరిగి బ్యాటరీలను నింపవలెను. మునిగిన తరువాత నా బ్యాటరీల బలమే ఆధారము. ఆ బలము తరుగకముందే గాలికొరకు మరల పైకి రావలెను, లేదా గాలిగొట్టమునైన పైకెత్తవలెను. ఆ పైకి వచ్చిన వేళనే శత్రువుకంట బడు భయము.

ఇంతటి యిరుకున రమారమి డెబ్బదియైదుగురు వారములతరబడి కాపురముండిరి. ఎండ లేదు, గాలి లేదు, రాత్రింబవళ్ల భేదము లేదు. మంచినీరు త్రాగుటకును వంటకును మాత్రమే. స్నానము మాట తలపెట్టరాదు. ఒకడు పహరాకు లేచిపోగా, ఆ వెచ్చని పడకమీదనే మరియొకడు పరుండును. టార్పెడోల ప్రక్కనే నిద్ర. ఈ కొలువునందు శాంతికాలము గూడ శాంతికాలము కాదు. 2013 ఆగస్టు 14వ తేదీన బొంబాయి రేవున, యుద్ధమేమియు లేనప్పుడే, "సింధురక్షక్" అను జలాంతర్గామి ప్రేలి మునిగి, పదునెనిమిదిమంది మనవారు మరణించిరి.

మేము రెండవ దినమున పోయినపుడు, పదేండ్ల బాలుడొకడు అచ్చటి వివరణకర్తను అడిగెను: "తాతగారూ, ఇది ఎన్ని ఓడల్ని ముంచింది?" ఆయన నౌకాదళమున పనిచేసి విరమించిన వృద్ధుడు. "ఒక్కటీ లేదు బాబూ" అనెను. బాలుని ముఖము చిన్నబోయినది. తండ్రి నవ్వి, "అయితే టిక్కెట్టు దండుగ" అనెను. వృద్ధుడు మారుపలుకక ముందుగదికి నడచెను. ఆ మాట మమ్ము ఇంటిదాక వెంబడించినది.

నిజమే. 1971 యుద్ధకాలమున కుర్సురా అరేబియా సముద్రమున పహరా తిరిగెనే గాని, ఏ నౌకనైన ముంచినట్లు చరిత్రలో లేదు. ఐన నేమి? కావలివాడు కత్తి దూయలేదని అతనికి జీతము తగ్గింతుమా? దొంగ రాని రాత్రియు అతడు మేల్కొనియే యుండెను గదా.

ఇక ముంచినవాని మాట. అదే యుద్ధమున, 1971 డిశంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి, ఈ విశాఖ రేవు వెలుపల పాకిస్తాను జలాంతర్గామి "ఘాజీ" మునిగినది. మన "రాజపుత్" నౌక దానిని ముంచెనని మనవారును, లోపలి ప్రేలుడో మందుపాతరయో కారణమని వారును చెప్పుదురు. వ్యాజ్యము తేలలేదు, మేము తీర్పు చెప్పబోము. దానియందలి తొంబదిమందికి పైబడినవారిలో నొక్కడును బ్రతుకలేదు. వారి గోరీ యీ తీరమునుండి కొన్ని మైళ్ల దూరమున నీటిక్రిందనే యున్నది. విజయస్మారకము కుర్సురాకు చేరువలోనే కలదు. జనము అచ్చట ఛాయాచిత్రములు తీయించుకొనుచు, ఘాజీ పేరు వినబడినపుడు చప్పట్లు చరచుటను మేము చూచితిమి.

ఈ చప్పట్లకు ముందు మరియొక నౌకను తలచుకొనవలెను. అయిదు దినములు గడచిన పిమ్మట, డిశంబరు 9వ తేదీ రాత్రి, డయ్యూ వెలుపల మన "ఖుక్రీ" నౌకను పాకిస్తాను జలాంతర్గామి "హంగోర్" ముంచినది. 18మంది అధికారులు, 176మంది నావికులు పోయిరి. నాయకుడు మహేంద్రనాథ ముల్లా తన నౌకను వీడక దానితోడనే మునిగెను. ఆ హంగోర్ నేడు కరాచీలో, మన కుర్సురావలెనే, ప్రదర్శనశాలయై యున్నది. అచ్చటి పిల్లలును దానిలో తల వంచి దూరుచుందురు. ఎన్ని ఓడలను ముంచినదని అడుగుచుందురు. వారికి చెప్పదగిన సమాధానము కలదు. ఆ సమాధానమునకు కరాచీ జనము చప్పట్లు చరచినచో మన మనస్సెట్లుండును? ముల్లాను గూర్చి వారు తలవంచి మాటలాడవలెనని కోరు మనము, ఘాజీలోని మృతులను గూర్చి అట్లే మాటలాడవలదా? దీనివలన మన విజయమునకు వీసమెత్తు తరుగు రాదు. ఇట్లు వ్రాసినందుకు కొందరు పాఠకులు మాపై కినుక వహింపవచ్చును. వహింపుదురు గాక.

మరియొక సంగతి. ఘాజీ అమెరికావారిది; హంగోర్ ఫ్రెంచివారిది; కుర్సురా రష్యనులది. కొట్టుకొన్నది మనము, అమ్ముకొన్నది వారు. కొన్న వస్తువు చెడినపుడు విడిభాగములకై అమ్మినవాని గుమ్మమున నిలువవలెను. కుర్సురాయే నడుమ కొంతకాలము మూలబడి, తన యంగములను తక్కిన నౌకలకు దానము చేయవలసివచ్చినది. జలఉష నిర్మితమై 1948లో జలప్రవేశము చేసిన యీ విశాఖయందే, రష్యావారి సాయము కొంత యున్నను, 2009 జూలై 26వ తేదీన "అరిహంత్" అను అణుశక్తి జలాంతర్గామి నీటిలో దిగినది. ఆ రెంటికి నడుమ నరువదియొక్క సంవత్సరములు. ఈ కథ తెలియనివానికి కుర్సురా ఒక ఇనుపపెట్టె మాత్రమే.

కావున ఉపాధ్యాయులకు మా మనవి యొకటి. పిల్లలను కుర్సురాకు ఎప్పుడో సెలవులలో గాక, డిశంబరు 4కును 9కిని నడుమ నొకదినమున తీసికొనిపోవలెను. మన మొదటి జలాంతర్గామి "కల్వరి" 1967లో కొలువున చేరిన డిశంబరు 8వ తేదీయు ఆ నడుమనే యున్నది. పదేసిమంది కంటె ఎక్కువ నొకమారు లోనికి పంపరాదు. గంటసేపు నిలుపవలెను. వెలుపలికి వచ్చిన పిదప ఇసుకపై కూర్చుండబెట్టి, ఘాజీ, ఖుక్రీ, సింధురక్షక్ అను మూడు పేర్లను చెప్పి, ఎందరెందరు పోయిరో చెప్పవలెను. వివరణకర్తయగు ఆ వృద్ధునికి తీరిక యున్నచో, తానెన్ని దినములు నీటిక్రింద నుండెనో అడిగించవలెను.