జపాన్ పాత సెడాన్.. కెన్యా దారి మూసుకుపోతోందా? ప్రీమియో కొనేవారికి మిగిలింది మూడేళ్లే!

టయోటా ప్రీమియో.. జపాన్ మార్కెట్ కోసం తయారైన ఫ్యామిలీ సెడాన్ ఇది. అయితే దీనికి వీరాభిమానులు మాత్రం ఆఫ్రికాలో ఉన్నారు. కెన్యాలో సొంత కారు అనుకునే మధ్యతరగతి కుటుంబాల చూపు ముందుగా పడే మోడళ్లలో ప్రీమియో ఒకటి. కెన్యాలోనూ జపాన్‌లోలాగే స్టీరింగ్ కుడివైపే కాబట్టి, ఓడ దిగిన బండిని మార్చే పనే లేదు. కానీ ఇప్పుడు ఈ కారుకు టైమ్ దగ్గర పడింది.

జపాన్‌లో కొత్త కారుకు మూడేళ్లకు, ఆ తర్వాత ప్రతి రెండేళ్లకు 'షాకెన్' అనే తనిఖీ తప్పనిసరి. దీని ఖర్చు తక్కువేం కాదు. అందుకే గడువు దగ్గరపడగానే చాలామంది బాగా నడుస్తున్న కారునే అమ్మేస్తారు. అవి వేలానికి వెళ్తాయి, అక్కడి నుంచి ఓడెక్కుతాయి.

అసలు చిక్కు ఇదే..

కెన్యాలో ఎనిమిదేళ్ల రూల్ ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ ఏడాదిని బట్టి లెక్క వేస్తారు. 2026లో 2019 లేదా ఆ తర్వాత రిజిస్టరైన కార్లకే అనుమతి. ప్రతి జనవరి 1న ఒక ఏడాది కార్లు లిస్టులోంచి ఎగిరిపోతాయి. మామూలు మోడల్ అయితే ఇబ్బంది లేదు. వెనక కొత్త బ్యాచ్ వస్తూనే ఉంటుంది. కానీ ప్రీమియో తయారీని టయోటా 2021లోనే ఆపేసింది. అంటే వచ్చే ఏడాది 2020, 2021 కార్లే మిగులుతాయి. 2028లో కేవలం 2021వి. 2029 నాటికి దాదాపు సున్నా! మార్కెట్లో సరుకు తగ్గుతుంటే బేరమాడే అవకాశం ఎవరి చేతుల్లోకి పోతుందో చెప్పక్కర్లేదు.

డిసెంబర్‌లో ఇంకో గండం. గడువు చూసేది డబ్బు కట్టిన రోజును బట్టి కాదు, కారు వచ్చిన తేదీని బట్టి. ఓడ ఆలస్యమై మొంబాసా రేవుకు జనవరిలో చేరితే, చివరి ఏడాది కారుకు ఎంట్రీ ఉండదు. కొన్నవారు అప్పటికే డబ్బంతా పంపేసి ఉంటారు. ఏడాది చివర్లో డిస్కౌంట్ అంటూ కనిపించే ఆఫర్లను అనుమానంగా చూడాల్సింది ఇందుకే.

ఇక ట్యాక్స్. జపాన్‌లో చవగ్గా కొన్నాం కదా అని సంబరపడితే కుదరదు. కెన్యా రెవెన్యూ అథారిటీ బిల్లులో రాసిన రేటును పట్టించుకోదు. తన దగ్గరున్న ధరల జాబితా నుంచి, కారు వయసును బట్టి తరుగు తీసేసి విలువ కడుతుంది. దిగుమతి సుంకాన్ని 2023లో 25 నుంచి 35 శాతానికి పెంచారు. విలువ 100 అనుకుంటే సుంకంతో 135. దానిపై 25 శాతం ఎక్సైజ్ వేస్తే దాదాపు 169. ఆ మొత్తంపై 16 శాతం వ్యాట్. అంతా కలిపితే 196 దగ్గర తేలుతుంది. చిన్నాచితకా ఫీజులు అదనం. పన్ను మీద పన్ను అన్నమాట! పైగా బిల్లులో రేటు తక్కువ చేసి రాయిస్తామనే ఏజెంట్ మాటకు ఇక్కడ విలువే లేదు.

వేలం షీట్ చూడటం కూడా ముఖ్యమే. గ్రేడ్ 4 లేదా 4.5 ఉంటే బండి బాగున్నట్టు. 'ఆర్' అక్షరం కనిపిస్తే యాక్సిడెంట్ రిపేర్ జరిగినట్టు లెక్క.

భారత్‌లో అయితే మూడేళ్లు దాటిన పాత కార్ల దిగుమతికి అనుమతి లేదు, సుంకాలూ భారీగానే ఉంటాయి. అందుకే హైదరాబాద్, విజయవాడ రోడ్లపై ప్రీమియోలు కనిపించవు.

మరి కెన్యా కుటుంబాలకు ప్రత్యామ్నాయం? ప్రీమియో ఆగిపోయాక కూడా కొన్నేళ్లు తయారైన కరోలా ఆక్సియో ఉంది. సైజులో చిన్నది, వెనక సీట్లో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే ఇరుకే. కానీ 2029లోనూ మొంబాసాలో దిగగలిగే జపాన్ సెడాన్లలో అదొకటి.