విరాటుని కొలువులో మన స్థానమెక్కడ?





స్త్రీపై ఘోరమైన అత్యాచారము జరిగినదన్న వార్త వెలువడిన ప్రతిసారియు దేశమంతయు ఆక్రోశించును. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ నగరమున జరిగిన దారుణము పిమ్మటను, 2019 నవంబరు 27 రాత్రి మన శంషాబాదు చెంత యువ పశువైద్యురాలు బలియైన పిమ్మటను, 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో విధులలో నున్న వైద్యురాలు హత్యకు గురియైన పిమ్మటను వేలాది ప్రజలు వీథులలోనికి వచ్చిరి. కొవ్వొత్తులు వెలిగించిరి, ఉరిశిక్ష కావలెనని నినదించిరి. ఆ ఆక్రోశము ధర్మవిరుద్ధము కాదు. అన్యాయమును చూచియు చలింపని సమాజము మృతప్రాయము.

అట్టి దినములలో ఆలయమునకు వచ్చు భక్తులు తరచుగా ఒక ప్రశ్న వేయుచుందురు. "స్వామీ, దుష్టులను తక్షణమే సంహరించుటయే గదా శాస్త్రము చెప్పిన ధర్మము?" అని. దీనికి సమాధానము భారతమునందలి విరాటపర్వములో కలదని నా విశ్వాసము. దానినే ఇచట విచారింతము.

విరాటపర్వము తెలుగువారికి మిక్కిలి ఆప్తమైనది. తిక్కన సోమయాజి తన భారతరచనను ఈ పర్వముతోనే ఆరంభించెను. వానలు కురియనప్పుడు గ్రామములలో విరాటపర్వ పారాయణము చేయించుట మన ఆచారము. కావుననే కీచకుని కథ వినని తెలుగు ఇల్లు అరుదు. అయితే మన స్మృతిలో నిలిచినది ఒక్క ఘట్టమే. వలలుని వేషములోనున్న భీముడు నర్తనశాలలో కీచకుని వధించెను, పాపి చచ్చెను, కథ ముగిసెను అని అనుకొందుము. వ్యాసభగవానుడు దానికి ముందును వెనుకను చెప్పిన విషయములు మనకు మరింత అవసరమైనవి.

మొదటిది, కీచకుడు అడవిలోనుండి వచ్చిన రాక్షసుడు కాడు. రాణి సుధేష్ణకు సోదరుడు, రాజునకు బావమరిది, రాజ్యమునకు సేనాపతి. సైరంధ్రిపై తనకు గల దుష్కామమును అతడు తన సోదరికే చెప్పెను. రాణి వానిని వారింపలేదు. మద్యము తెమ్మను నెపముతో సైరంధ్రిని వాని గృహమునకు పంపెను. తాను పోజాలనని, అచటికి పోయిన అవమానము తప్పదని సైరంధ్రి వేడుకొన్నను వినలేదు. ఆపద ఇంటిలోనే పుట్టినది, ఇంటివారి సహాయముతోనే పెరిగినది.

నేటి లెక్కలు ఈ మాటనే చెప్పుచున్నవి. జాతీయ నేర గణాంకముల ప్రకారము 2022 సంవత్సరమున స్త్రీలపై జరిగిన నేరములుగా దేశమంతట నమోదైన కేసులు 4,45,256. వానిలో అన్నింటికంటె పెద్ద భాగము, అనగా 31.4 శాతము, భర్తయో భర్త బంధువులో పెట్టిన హింసకు సంబంధించినవి. చీకటి వీథిలోని అపరిచితుని గూర్చి మనము ఎంతగా భయపడుచున్నామో, దీపము వెలుగుచున్న ఇంటిని గూర్చి అంతగా ఆలోచించుట లేదు.

ఇంకొక లెక్క మరింత బాధాకరమైనది. 2019-21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భార్యను భర్త కొట్టుట ఏదో యొక కారణమున సమంజసమేయని చెప్పిన స్త్రీలు ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను సుమారు 84 శాతము. అడిగిన కారణములు ఎట్టివి? వంట సరిగా చేయకపోవుట, చెప్పకుండ బయటకు వెళ్లుట, ఎదురు మాటాడుట, అత్తమామలను గౌరవింపకపోవుట వంటివి. ఈ అంకెను చూచి ఆ స్త్రీలను నిందింపరాదు. కొట్టుట భర్త హక్కు, ఓర్చుకొనుట భార్య వ్రతము అని వారికి బాల్యమునుండి నేర్పినవారు ఎవరో విచారింపవలెను. పతివ్రతా ధర్మము పేర ఈ బోధ చేయు ప్రవచనములు నేటికిని వినబడుచున్నవి. సతీధర్మమును చెప్పిన శాస్త్రమే గృహస్థధర్మమును కూడ చెప్పినది. అందులో భార్యను కొట్టి కన్నీరు పెట్టించుట పురుషార్థముగా ఎచటను లెక్కింపబడలేదు.

ఇక రెండవది రాజసభ. కీచకుని చేతినుండి తప్పించుకొని సైరంధ్రి విరాటుని కొలువునకు పరుగెత్తినది. వాడు వెంటబడి, రాజు చూచుచుండగనే జుట్టు పట్టి ఆమెను తన్నినాడు. ఆమె కేవలము ఏడ్చి ఊరకుండలేదు. నేరము చేసినవానిని కాదు, కొలువునే నిలదీసినది. నీ ఎదుట నిరపరాధను తన్నుచుండగా సహించు నీకు రాజధర్మమెక్కడిది, నీ సభ్యులకు ధర్మజ్ఞానమెక్కడిది అని ప్రశ్నించినది. నేడు వీథులలో నిలిచి ప్రభుత్వమును, సమాజమును ప్రశ్నించు స్త్రీలను చూచి "ఇది పాశ్చాత్యుల పోకడ" అని కొందరు ఈసడించుచున్నారు. కురుసభలో ఒకసారి, విరాటసభలో ఒకసారి ఇదే పని చేసిన ద్రౌపదిని వారు మరచినట్లున్నారు. సభను ప్రశ్నించు స్త్రీ మన ఇతిహాసమునకు క్రొత్త కాదు.

విరాటుడేమి చెప్పెను? మీ కలహము నా పరోక్షమున జరిగినది, నిజము తెలియక తీర్పెట్లు చెప్పుదును అనెను. తన్నుట కన్నులార చూచినవాడే అట్లు పలికెను. 2019లో ఆ పశువైద్యురాలి కుటుంబము అర్ధరాత్రి పోలీస్ స్టేషనుకు వెళ్లినప్పుడు, ఆ స్థలము మా పరిధిలోనిది కాదను సమాధానము ఎదురైనది. ఫిర్యాదు నమోదులో జాప్యము చేసిరని తరువాత ముగ్గురు పోలీసులు సస్పెండైరి. "నా పరోక్షమున", "మా పరిధి కాదు" అను రెండు మాటలకును అర్థము ఒక్కటే. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారము, నేరము ఎచట జరిగినను ఏ స్టేషనులోనైనను ఫిర్యాదు నమోదు చేయవలసినదే. ఈ విషయము ప్రతి గృహస్థుడు తెలిసికొని యుండవలెను.

సభ్యులేమి చేసిరి? సైరంధ్రి శీలమును, సౌందర్యమును శ్లాఘించిరి, కీచకుని నిందించిరి, పిదప తమ ఆసనములలో తాము కూర్చుండిరి. స్త్రీపూజను గూర్చిన మనుస్మృతి శ్లోకమును మనము ప్రతి వేదికపైనను వినుచుందుము. ఆ శ్లోకము ఉన్న సందర్భమును చదివినవారు తక్కువ. తండ్రులు, సోదరులు, భర్తలు, మరదులు తమ ఇంటి స్త్రీలను గౌరవింపవలెనని, ఇంటి ఆడపడుచులు దుఃఖించు కులము నశించునని ఆ సందర్భము చెప్పుచున్నది. అది వేదికపై చదువవలసిన స్తోత్రము కాదు, ఇంటి మగవారికి ఇచ్చిన ఆజ్ఞ. స్త్రీని పొగడి ఊరకుండుట విరాటసభ్యుల ధర్మమే.

ఇక మూడవది, మనము మరచిన ఉత్తరకథ. కీచకుడు హతుడైన పిదప ఏమి జరిగినది? వాని బంధువులైన ఉపకీచకులు సైరంధ్రియే ఈ మరణమునకు కారణమని, ఆమెను వాని శవముతో కూడ దహింతుమని పట్టుకొనిరి. వారి బలమునకు వెరచి విరాటుడు అందులకు అనుమతించెను. భీముడు మరల వచ్చి నూటయైదుగురను చంపి ఆమెను విడిపించెను. అప్పుడైనను రాజునకు వివేకము కలిగినదా? సైరంధ్రిని నగరము విడిచి పొమ్మనుమని రాణిచేత చెప్పించెను. పదుమూడు దినముల గడువు ఆమెయే అడుగవలసి వచ్చినది. పాపి చచ్చినను రాజు మారలేదు, రాణి మారలేదు, సభ మారలేదు. బాధితురాలే ఊరు విడువవలసిన భారముగా కనబడినది.

భీముని నేను తప్పుపట్టుట లేదు. అజ్ఞాతవాసములో న్యాయము చెప్పు రాజు లేనప్పుడు భర్తయైన అతనికి వేరొక మార్గము లేకుండెను. ఆ మార్గమునే రాజ్యము తన విధానముగా గైకొనినచో, రాజ్యము తన ధర్మమును విడిచినట్లే. 2019 డిసెంబరు 6న ఆ కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణించినప్పుడు జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్, చంపు ఉద్దేశముతోనే ఆ కాల్పులు జరిగినవని 2022లో నివేదించినది. అటుపై ఆ వ్యవహారము న్యాయస్థానముల విచారణకు వెళ్లినది. దండము లేని రాజ్యము నిలువదని మనువు చెప్పెను. విచారింపక ప్రయోగించిన దండము సర్వమును నశింపజేయునని కూడ ఆయనయే చెప్పెను. ఢిల్లీ ఘటన పిమ్మట ఏర్పడిన జస్టిస్ వర్మ కమిటీ ఒక మాసములో దాదాపు 80,000 సూచనలను స్వీకరించి, 2013 జనవరి 23న నివేదిక సమర్పించినది. వీథులలో ఉరి నినాదము మిన్నుముట్టుచుండగనే ఆ కమిటీ మరణదండనను సిఫారసు చేయలేదు. పోలీసు వ్యవస్థ సంస్కరణము కావలెనని, ఫిర్యాదు నమోదు చేయని అధికారికి శిక్ష యుండవలెనని చెప్పినది. ఒక్క కీచకుని గూర్చి కాక, కొలువును గూర్చి ఆలోచించుట అనగా ఇదియే.

"ఆమె ఆ వేళ ఎందుకు వెళ్లినది? ఎట్టి వస్త్రములు ధరించినది?" అని అడుగువారికి కూడ ఇతిహాసమే సమాధానము. సైరంధ్రి మలినవస్త్రముతో నున్న దాసి. రాణి ఆజ్ఞపై వెళ్లినది. కురుసభకు ఈడ్వబడిన నాడు ద్రౌపది రజస్వలయై, ఏకవస్త్రయై అంతఃపురమున నుండెను. వేషము, వేళ, ద్వారము ఏవియు ఆమెను రక్షింపలేదు. దోషము పూర్తిగా ఈడ్చినవానిదే, చూచినవారిదే.

చూచినవారి పాపమును సభాపర్వము స్పష్టముగా లెక్కగట్టినది. ద్రౌపది ప్రశ్నకు ఎవ్వరును బదులు పలుకని ఆ వేళ విదురుడు ప్రహ్లాదుని వృత్తాంతము చెప్పెను. నిందింపదగినవానిని నిందింపని సభలో పాపములో సగము సభాపతికి, పాదము చేసినవానికి, పాదము మౌనముగా కూర్చున్న సభ్యులకు చెందునని అందలి నిర్ణయము. చేసినవానికంటె సభాపతి భాగమే అధికమని గమనింపుడు. ఇంటికి సభాపతి యజమాని. గ్రామమునకు పెద్దలు. రాష్ట్రమునకు పాలకులు. ఆలయమునకు మావంటి అర్చకులు.

ఈ కారణముననే నా వృత్తికి సంబంధించిన ఒక మాట చెప్పక తప్పదు. అల్లుడు కొట్టుచున్నాడు, కుజదోషమునకు శాంతి చేయుడని తల్లిదండ్రులు ఆలయములకు వచ్చుచుందురు. అట్టివారికి నేను చెప్పునది ఇంతే. అర్చన చేయుదును, సంకల్పము చెప్పుదును, ముందు మీ బిడ్డను ఇంటికి తెచ్చుకొనుడు. దెబ్బకు కారణము గ్రహము కాదు, కొట్టిన చేయి. "సర్దుకొని పొమ్ము" అని మరల ఆ ఇంటికే పంపుట, సుధేష్ణ సైరంధ్రిని పంపినట్లే యగును. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము భార్యకు రక్షణ ఉత్తర్వును, అత్తవారింట నివసించు హక్కును ఇచ్చుచున్నది. 181 సంఖ్యకు ఫోను చేసిన సహాయము లభించును. ఆపద తక్షణమైనచో 112. సఖి కేంద్రములలో వైద్యము, న్యాయసలహా, తాత్కాలిక ఆశ్రయము కలవు. ఈ సంఖ్యలను ప్రతి ఆలయములో పంచాంగశ్రవణ ఫలకము ప్రక్కన వ్రాయించుట దేవతాసేవయే యని నా అభిప్రాయము.

వివాహమున వరుడు పలుకు "నాతిచరామి" ప్రమాణమునకు అగ్ని సాక్షి, పురోహితుడు సాక్షి, అక్షతలు వేసిన బంధువులందరును సాక్షులే. ప్రమాణము భంగమైన నాడు సాక్షి మాటాడవలెను. పొరుగింట ఆక్రందన విన్నప్పుడు తలుపు తట్టుట, స్టేషనుకు తోడుగా వెళ్లుట, కుమారుని ఆగడమును తల్లియే ఖండించుట, స్నేహితుల నడుమ స్త్రీని గూర్చిన నీచపు మాటను ఒకడైనను ఆపుట, ఇవియే ఆ సాక్ష్యము. కురుసభలో వికర్ణుడు ఒంటరిగా లేచి మాటాడెను. అతని మాట ఆ సభలో చెల్లలేదు. అయినను ఆ నూరుగురిలో అతని ఒక్కని మాటనే నేటికిని మనము గౌరవముతో తలచుచున్నాము.

ఈ సంవత్సరము మీ గ్రామమున విరాటపర్వ పారాయణము జరిగినచో, కీచకవధతో ఆపవలదు. సైరంధ్రిని ఊరు విడిచి పొమ్మన్న ఘట్టము వరకును చదువుడు, చదివించుడు. పిదప ఆ సభలో మీరు కూర్చున్న ఆసనమేదో విచారింపుడు.

స్వస్తి.