జొమ్‌సోమ్ పాఠం: తప్పు గాలిదేనా?

హిమాలయాల్లో చిన్న విమానం ప్రమాదానికి గురైన ప్రతిసారీ మొదటి నింద గాలిపైనే పడుతుంది. నేపాల్‌లోని జొమ్‌సోమ్ అనుభవం మాత్రం మరో వాస్తవాన్ని చెబుతోంది.

2013 మే 16న పొఖారా నుంచి వచ్చిన నేపాల్ ఎయిర్‌లైన్స్ ట్విన్ ఆటర్ విమానం అక్కడ దిగుతూ రన్‌వే దాటి కాళీ గండకీ నదిలోకి దూసుకుపోయింది. విమానంలోని 21 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఏడుగురు తీవ్రంగా గాయపడ్డారు.

ధవళగిరి, అన్నపూర్ణ పర్వతాల నడుమ సాగే ఈ లోయలో గాలి రాకకు ఒక వేళ ఉంది. పొద్దెక్కేకొద్దీ ఎగువన ముస్తాంగ్ పీఠభూమి వేడెక్కి, దక్షిణం నుంచి గాలిని బలంగా లాగుతుంది. మధ్యాహ్నానికి అది ఈదురుగాలిగా మారుతుంది. అందుకే విమానాలు ఉదయం పూటే నడుస్తాయి. ఆనాటి ప్రమాదం మాత్రం ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలోనే జరగడం గమనార్హం.

విమానం ఎదురుగాలిలో కాక, వెనుక నుంచి వీచే గాలితో దిగింది. ఈ తేడా చిన్నది కాదు. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో దిగే విమానానికి 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేలపై వేగం 110కి తగ్గుతుంది. అదే గాలి వెనుక నుంచి వీస్తే 150కి పెరుగుతుంది. అప్పుడు బ్రేకులు అణచవలసిన శక్తి 85 శాతానికి పైగా ఎక్కువ. గాలి ఉండి ఉండి విసురుగా వీస్తే తేలికపాటి విమానం అదుపు మరింత కష్టమవుతుంది.

దర్యాప్తు సంఘం గాలిని దోషిగా నిలపలేదు. దిగిన పద్ధతిలోని లోపాన్ని, తగిన వేగం లేకుండానే విమానాన్ని తిరిగి పైకి లేపబోవడాన్ని ప్రధాన కారణాలుగా పేర్కొంది.

అయితే బాధ్యత పైలట్‌తోనే ముగియదు. ఉదయపు కొద్ది గంటల్లోనే సర్వీసులన్నీ పూర్తి కావాలి. వెనుదిరిగితే ఆ రోజు ప్రయాణం రద్దయినట్లే. ఈ ఒత్తిడిని అదుపు చేయవలసింది నియంత్రణ వ్యవస్థ. నేపాల్‌లో విమానాశ్రయాలు నడిపే సంస్థకే భద్రతా పర్యవేక్షణను కూడా అప్పగించడం చిరకాల విమర్శ. 2013 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ నేపాల్ విమాన సంస్థలన్నిటినీ నిషేధిత జాబితాలో చేర్చింది.

ముక్తినాథ్ దర్శనానికి వెళ్లే తెలుగు యాత్రికులకూ జొమ్‌సోమే ముఖద్వారం. గాలిని ఎవరూ ఆపలేరు. ప్రతికూలమైనప్పుడు వెనుదిరిగే పైలట్‌కు నష్టం కలగని ఏర్పాటు చేయడం మాత్రం ప్రభుత్వాల చేతిలోని పనే.