చెక్ ఇంజన్ లైట్ వెలిగిందా? డాంగిల్ కొనండి.. కోడ్ చూసి పార్టులు మాత్రం కొనకండి

ఫోన్ కొంచెం వేడెక్కితే చాలు, ఏ యాప్ బ్యాటరీ తింటోందో, బ్యాటరీ హెల్త్ ఎంత శాతం మిగిలిందో నిమిషంలో చూసేస్తాం. అదే ఇంట్లో కారు డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగితే? ఫోన్ కంటే ఎన్నో రెట్లు ఖరీదైన వస్తువులో కూర్చుని, "ఏమో, షెడ్డుకి తీసుకెళ్లి చూపించాలి" అంటాం. ఆ తర్వాత ఎంత బిల్లు వస్తే అంత కట్టేసి వస్తాం.

నిజానికి ఆ లైటు వెలిగిన క్షణానికే కారులోని కంప్యూటర్, అంటే ఈసీయూ, తనకు ఏం తేడాగా అనిపించిందో ఒక కోడ్ రూపంలో రాసి పెట్టుకుంటుంది. మన కార్ల కంపెనీలు 10 అంగుళాల టచ్‌స్క్రీన్ ఇస్తాయి, అందులో పాటలు, మ్యాపులు, రంగురంగుల లైటింగ్ అన్నీ ఉంటాయి. ఆ కోడ్‌ని మాత్రం చాలా కార్లు తెర మీద చూపించవు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల పోర్టుకి ఏదో ఒక స్కానర్ తగిలిస్తేనే బయటికొస్తుంది. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తున్నా: డ్యాష్‌క్యామ్ కంటే ముందు ప్రతి ఫ్యామిలీ కారుకీ ఒక ఓబీడీ డాంగిల్ ఉండాలి. కానీ అది చూపించే కోడ్ ఒక ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు. ఈ తేడా తెలియక నేను డబ్బు తగలేశాను కాబట్టి చెప్తున్నా.

నా 1,200 రూపాయల పాఠం

మాది 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. నాన్నగారిదే, ఆయనే ఎక్కువ నడుపుతారు. పోయిన ఏడాది వర్షాకాలంలో ఒకరోజు ఫోన్ చేసి, "బండి వణుకుతోందిరా, పసుపు లైటు కూడా వెలిగింది" అన్నారు. ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే కాయిల్స్ సెట్టు, ప్లగ్గులు, ఇంజెక్టర్ క్లీనింగ్, త్రాటిల్ బాడీ క్లీనింగ్ అన్నీ కలిపి 14 వేల దాకా ఎస్టిమేట్ ఇచ్చారు. ఏది పాడైందని అడిగితే, "అన్నీ మార్చేస్తే పోతుంది సార్" అన్నారట.

నాకు కోపం వచ్చింది. డాంగిల్ కొన్నా, పోర్టుకి తగిలించా, యాప్ తెరిచా. పీ0303. అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్. అంతే, డాక్టర్ అయిపోయాననుకున్నా. ఇంటర్నెట్‌లో వెతికితే "మిస్‌ఫైర్ అంటే ప్లగ్గులే" అని కనిపించింది. 1,200 పెట్టి ప్లగ్గులు తెప్పించి మార్పించా. కోడ్ చెరిపేశా. రెండు రోజులు నేనే హీరో. మూడో రోజు మళ్లీ వణుకు, మళ్లీ అదే కోడ్.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో నాన్నకి తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాం. నేను దర్జాగా ఫోన్ చూపించా. ఆయన చూసి నవ్వి, "తమ్ముడూ, మూడో పిల్లాడు ఏడుస్తున్నాడని చెప్పింది గానీ, ఎవరు కొట్టారో చెప్పలేదుగా" అన్నాడు. ఇంజన్ ఆపి, మూడో సిలిండర్ మీదున్న ఇగ్నిషన్ కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటోది మూడోదానికి మార్చి పెట్టాడు. కోడ్ చెరిపి, ఒక రౌండు తిప్పుకు రమ్మన్నాడు. వచ్చేసరికి పీ0301. అంటే తప్పు కాయిల్‌తో పాటే మూడో సిలిండర్ నుంచి ఒకటోదానికి నడిచి వెళ్లింది. మార్చాల్సింది ఒకే ఒక్క కాయిల్. సర్వీస్ సెంటర్ అన్నీ మార్చమంది, నేను ఊహించి ఒకటి మార్చా, ఆయన ముందు పరీక్షించి తర్వాత మార్చాడు. ఆ చివరిదాన్నే డయాగ్నోసిస్ అంటారు.

కోడ్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

కోడ్‌లో మొదటి అక్షరం ఏ విభాగమో చెప్తుంది. పీ అంటే ఇంజన్, గేర్‌బాక్స్. సీ అంటే బ్రేకులు, స్టీరింగ్ లాంటి ఛాసిస్ భాగాలు. బీ అంటే బాడీ. యూ అంటే కంప్యూటర్ల మధ్య మాటలు తెగిపోయాయని. మామూలుగా ఆ తర్వాతి అంకె 0 అయితే అన్ని కంపెనీలకీ వర్తించే కోడ్, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్. అందుకే ఒక కారు వీడియోలో చెప్పిన అర్థం ఇంకో కారుకి పనికిరాకపోవచ్చు.

అసలు ఉచ్చు ఎక్కడుందంటే, కోడ్ పేరులోనే ఒక పార్టు పేరు ఉంటుంది. పీ0420 తీసుకోండి. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయట్లేదని దాని భావం. కన్వర్టర్ చాలా ఖరీదు. కానీ సైలెన్సర్ పైపుకి చిన్న లీకున్నా, వెనక ఆక్సిజన్ సెన్సర్ తప్పుడు రీడింగ్ ఇస్తున్నా అదే కోడ్ రావచ్చు. ఇంకో సంగతి, ఎన్నాళ్లుగానో ఉన్న మిస్‌ఫైర్‌ని పట్టించుకోకపోతే కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్‌నే పాడుచేస్తుంది. అప్పుడు కొత్తది వేసినా, మూలం అలాగే ఉంటే అదీ పోతుంది. జ్వరం వచ్చిందని థర్మామీటర్ చెప్తుంది. మలేరియానో టైఫాయిడో చెప్పదు కదా, ఇదీ అంతే.

ఒక హెచ్చరిక మాత్రం గుర్తుపెట్టుకోండి. లైటు నిలకడగా వెలిగితే త్వరగా చూపించండి. మిణుకు మిణుకుమని కొట్టుకుంటుంటే తీవ్రమైన మిస్‌ఫైర్ అని అర్థం. యాక్సిలరేటర్ వదిలి, స్పీడు తగ్గించి, సురక్షితమైన చోట ఆపేయండి. అలాగే నడిపితే కన్వర్టర్‌కి ముప్పు.

కోడ్ లేకుండానే పట్టేసే మూడు సమస్యలు

డాంగిల్ అసలు విలువ నా దృష్టిలో లైవ్ డేటాలో ఉంది.

మొదటిది బ్యాటరీ. పొద్దున్నే స్టార్ట్ అవ్వకపోతే అందరం బ్యాటరీనే తిడతాం. రాత్రంతా ఆగిన కారులో సుమారు 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 దగ్గరుంటే సగానికి పడిపోయింది. ఇంజన్ ఆన్ చేశాక మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. ఇంజన్ నడుస్తున్నా 12 చిల్లరలోనే ఉంటే ఆల్టర్నేటర్, బెల్టు వైపు చూడాలి. కొత్త బ్యాటరీ వేసినా అదీ పడుకుంటుంది. అయితే కొన్ని కొత్త కార్లలో ఈసీయూనే ఛార్జింగ్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, కాబట్టి ఒక్క రీడింగ్‌తో తీర్పు ఇవ్వొద్దు. చవక డాంగిల్స్ వోల్టేజీని కాస్త అటూ ఇటూ చూపిస్తాయి. మల్టీమీటర్‌తో ఒకసారి సరిచూసుకోండి. టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుందేమో, క్లాంపు వదులైందేమో ముందు చూడండి. దానికి రూపాయి ఖర్చు లేదు.

రెండోది వేడి. చాలా చిన్న కార్లలో టెంపరేచర్ మీటరే లేదు, నీలం లైటు, ఎర్ర లైటు అంతే. ఎర్రది వెలిగేసరికే ఆలస్యం అయిపోవచ్చు. యాప్‌లో కూలెంట్ టెంపరేచర్ డిగ్రీల్లో కనిపిస్తుంది. చాలా కార్లలో 85 నుంచి 105 మధ్య ఉంటే మామూలే. ట్రాఫిక్‌లో పెరిగి, హైవే ఎక్కగానే తగ్గుతోందంటే రేడియేటర్ ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజు మీద అనుమానం. హైవే మీద కూడా ఎక్కుతోందంటే కూలెంట్ తగ్గిందా, రేడియేటర్ పూడిందా, థర్మోస్టాట్, వాటర్ పంపు బాగున్నాయా చూడాలి. అసలు వేడెక్కాల్సినంత వేడెక్కకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు, దానివల్ల మైలేజీ కూడా పడిపోతుంది. ఏదైనా సరే, వేడి ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయొద్దు. చేతులు, మొహం కాలతాయి.

మూడోది ఏసీ. మన ఎండాకాలంలో ప్రతి ఇంట్లో వినపడే మాట "గ్యాస్ అయిపోయింది". ఏసీ గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. ప్రతి వేసవికీ నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుంది, ముందు అది కనిపెట్టాలి. గాలే సరిగ్గా రాకపోతే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి, చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది. గాలి బాగా వస్తూ ట్రాఫిక్‌లో చల్లదనం పోయి, స్పీడులో తిరిగొస్తుంటే ముందున్న ఫ్యాన్, దుమ్ము పట్టిన కండెన్సర్ చూడాలి.

గమనించారా? ఈ మూడింటిలోనూ దారి చూపింది "ఎప్పుడు జరుగుతోంది" అన్న ప్రశ్న. ట్రాఫిక్‌లోనా, హైవే మీదా, పొద్దున్నా, వాన పడ్డాకా? లైటు వెలిగినప్పుడు ఇంజన్ స్పీడు, వేడి, లోడు ఎంతున్నాయో ఈసీయూ కూడా రాసుకుంటుంది. యాప్‌లో దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడ్ చెరిపితే ఇదీ పోతుంది. కాబట్టి చెరిపే ముందు స్క్రీన్‌షాట్ తప్పనిసరి.

కొనేముందు

అమెరికాలో ఓబీడీ-2 1996 మోడల్ కార్ల నుంచి ఉంది. మన దగ్గర బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-4 వచ్చింది. అంతకన్నా పాత కారైతే పోర్టు ఉన్నా యాప్ కలవకపోవచ్చు.

మార్కెట్లో దొరికే చవక డాంగిల్స్ చాలావరకు ఈఎల్ఎం327 అనే చిప్‌కి నకళ్లు. అసలు చిప్ కెనడాకి చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్‌ది. ఒక తమాషా ఏంటంటే, డబ్బా మీద "వెర్షన్ 1.5" అని గొప్పగా రాసుంటుంది, అసలు కంపెనీ ఆ వెర్షన్‌ని విడుదలే చేయలేదు. అలాగని నకళ్లన్నీ చెత్త కాదు. కోడ్ చదవడానికి చాలావరకు పనికొస్తాయి. కాకపోతే కొన్ని మధ్యలో కనెక్షన్ తెంచేస్తాయి, కొన్ని ఆదేశాలకి జవాబివ్వవు. ఐఫోన్ ఉన్నవాళ్లు బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై ఉన్న మోడల్ చూసి కొనండి, పాత బ్లూటూత్‌వి పనిచేయవు. పని అయ్యాక డాంగిల్ పీకేయండి. ఆ పోర్టుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, వారం రోజులు కారు కదపకపోతే డాంగిలే బ్యాటరీని తాగేయొచ్చు. పైగా బలమైన పాస్‌వర్డ్ లేని వైర్‌లెస్ డివైస్‌ని కారు నెట్‌వర్క్‌కి తగిలించి వదిలేయడం ఏ రకంగానూ తెలివైన పని కాదు. డ్రైవ్ చేస్తూ లైవ్ డేటా చూడొద్దు, పక్కనున్నవాళ్లకి ఫోన్ ఇవ్వండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఒక బోనస్ చిట్కా. కోడ్ లేదంటే సంబరపడకండి. యాప్‌లో రెడీనెస్ అనే చోట చూడండి. చాలా పరీక్షలు "పూర్తి కాలేదు" అని ఉంటే, ఎవరో ఈమధ్యే కోడ్ చెరిపారేమో, బ్యాటరీ తీసి పెట్టారేమో అడగండి. కొన్ని రోజులు నడిపితేగానీ అవి పూర్తవ్వవు.

ఇంకో పరిమితి కూడా చెప్పాలి. బ్రేక్ ప్యాడ్‌లు అరిగితే, టైరు ఒకవైపే తినేస్తుంటే, గుంతలో పడ్డప్పుడు సస్పెన్షన్ టకటకమంటే, క్లచ్ జారుతుంటే మామూలు యాప్‌లో ఏ కోడూ రాదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు కూడా చాలా యాప్‌లు చదవలేవు. ప్రాణం ఆధారపడేది వీటి మీదే. "కోడ్ ఏమీ లేదు, బండి బ్రహ్మాండం" అని నాన్నకి చెప్పేముందు ఇది గుర్తుండాలి.

మెకానిక్‌తో గొడవకి కాదు, మాటకి

డాంగిల్ వచ్చాక మనలో కొందరికి మెకానిక్ అంటే చులకన వచ్చేసింది. ఇది తప్పు. యాప్ నాకు కోడ్ ఇచ్చింది, ఆయన పదినిమిషాల్లో కాయిల్ అటూ ఇటూ మార్చి జవాబు ఇచ్చాడు. అలాగని ఏం అడగకుండా 14 వేలు కట్టేయడమూ తప్పే. ఇకమీదట షెడ్డుకి వెళ్లినప్పుడు స్క్రీన్‌షాట్ చూపించి ఒక్క ప్రశ్న అడగండి: "అన్నా, ఇదే పాడైందని ఎలా తేల్చారు?" మంచి మెకానిక్ సంతోషంగా చెప్తాడు. జవాబు రాకపోతే ఇంకో షెడ్డు వెతుక్కోండి. వారంటీలో ఉన్న కారైతే మీరేమీ విప్పొద్దు, కోడ్ ఫోటో తీసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లి ఇదే ప్రశ్న అడగండి.

కార్ల కంపెనీలకి కూడా ఒక మాట. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో వాహనాల రంగం కూడా ఉంది. సంతోషమే. కానీ అంత పెద్ద తెర ఇచ్చి, దాని మీద కోడ్ నంబరు ఒక్క లైనులో చూపించడానికి ఏం అడ్డం? కారు మాది, ఈఎంఐ మాది, ఆ సమాచారం మాత్రం ఎందుకు దాచిపెట్టాలి?

నాన్న కారు గ్లోవ్ బాక్స్‌లో ఇప్పుడు డాంగిల్ ఉంది. పక్కనే అప్పుడు తీసేసిన నాలుగు పాత ప్లగ్గులు కూడా ఉంచా. వాటికి ఏ రోగమూ లేదు. మళ్లీ ఎప్పుడైనా కోడ్ చూడగానే ఆర్డర్ పెట్టేద్దామని చెయ్యి దురద పెడితే, ముందు వాటిని చూస్తా.