మూట కట్టుటకు ముందు

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీయాత్రకు బయలుదేరినపుడు వెంట డేరాలు, బోయీలు, పెద్ద పరివారము ఉండెను. మోటారుసైకిలుపై మనాలినుండి లేహ్‌కు పోదలచిన నేటి యాత్రికునకో, వెనుకసీటును రెండు ప్రక్కసంచులును తప్ప వేరాశ్రయము లేదు. ఆ దారిలోని తాండివద్ద, తరువాతి పెట్రోలు బంకు 365 కిలోమీటర్ల దూరమని చాటిన బోర్డు సుప్రసిద్ధము. కావున క్యానులో అదనపు ఇంధనమును, ట్యూబును, క్లచ్ వైరును, స్పార్క్ ప్లగ్గును చేర్చుకొని, బరువైనవానిని అడుగున, నడుపువానికి దగ్గరగా అమర్చి, తేలికవానిని పైన కట్టవలెను. ఎత్తున కట్టిన భారము మలుపులలో బండిని తూలించును. వానకోటు మాత్రము, ఎంత తేలికయైనను మడతలడుగున దాచక, చేతికందుచోటనే యుంచవలెను. సంచులు నింపిన పిదప చక్రములలో గాలిని, గొలుసు వదులును మరల సరిచూచుకొనుమని మెకానిక్కులు చెప్పుటను నేను చాలకాలము పెడచెవిని బెట్టితిని. బరువు పడినంతనే గొలుసు బిగియుననుట దారిలోగాని తెలియలేదు.

ఇక ఇంటివారు ప్రేమతో అందించు ఆవకాయ సీసా సంగతి! వలదనలేము, దాని మూతను నమ్మలేము. నా మిత్రుడొకని సంచిపై ఆ నూనెమరక నేటికిని కలదు.